శస్త్రవైద్యుడు ఆంబ్రువాజ్ పారే

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి అను ప్రదేశములు కలవు. ఒకప్పుడు అచ్చట బండరాళ్ల గుట్టలును, చెరువులును, పొలములును మాత్రమే ఉండెడివి. 1998వ సంవత్సరమున మాదాపూరునందు సైబర్ టవర్స్ అను మేడ వెలసినది. నాటినుండి ఆ ప్రాంతము హైటెక్ సిటీ అనియు, సైబరాబాదు అనియు పేరుగాంచినది. తెల్లవారినది మొదలు వేలకొలది యువతీయువకులు మోటారు సైకిళ్లపై ఆ వెడల్పాటి బాటలవెంట తమ కార్యాలయములకు సాగిపోవుచుందురు. మోటారు సైకిలు నడుపువారును, వెనుక కూర్చుండువారును శిరస్త్రాణము ధరింపవలెనని చట్టము విధించుచున్నది. అయినను దానిని చేతికి తగిలించుకొని పోవువారును, పెట్రోలు తొట్టిపై నుంచుకొని పోవువారును లేకపోలేదు.

పుర్రె మిక్కిలి గట్టి యెముక. అది పగులకున్నచో ప్రమాదము తప్పినట్లేయని పలువురు తలంతురు. ఈ తలంపు ఎంత పొరపాటో నాలుగువందల అరువదియేండ్లకు పూర్వమే ఒక మహారాజు మరణము లోకమునకు తెలిపినది. ఆ రాజు పుర్రె చిట్లలేదు. శిరస్త్రాణము కూడ ఆయన తలపై నుండెను. అయినను పదునొకండవనాడు ఆయన ప్రాణములు విడిచెను. లోపల జరిగిన హాని యెట్టిదో కన్నులార చూచి, గ్రంథమున వ్రాసి యుంచిన శస్త్రవైద్యుడు ఆంబ్రువాజ్ పారే. క్షురకుని కత్తితో జీవితము నారంభించి, నలుగురు రాజులకు శస్త్రవైద్యుడైన మహనీయుడతడు.

పారే ఫ్రాన్సు దేశమున లావల్ పట్టణమునకు సమీపమునందలి యొక పల్లెలో 1510వ సంవత్సర ప్రాంతమున జన్మించెను. మన దక్షిణాపథమున శ్రీకృష్ణదేవరాయలు విజయనగర సింహాసనమును అధిష్ఠించిన క్రొత్తదినములవి. పారేది సామాన్య కుటుంబము. ఆ కాలమున యూరపు ఖండమునందు పండితులందరును లాటిను భాషలోనే చదివెడివారు, వ్రాసెడివారు. ఆ లాటిను చదువు పారేకు అబ్బలేదు. ఈ కొరత జీవితాంతము అతనిని వెన్నాడెను. అయినను ఆ కొరతయే అతనికి పుస్తకములకంటె తన కన్నులనే ఎక్కువగా నమ్ముట నేర్పెను.

ఆనాడు వైద్యవృత్తియందు పెద్ద తారతమ్యము లుండెను. విశ్వవిద్యాలయమున చదివిన వైద్యులు నాడి చూచి, మందు వ్రాసి పోయెడివారు. గాయమును తాకుట వారికి చిన్నతనము. వారి క్రింద శస్త్రవైద్యులుండిరి. అందరికంటె అట్టడుగున క్షురకులుండిరి. గడ్డము గీయుట, కురుపులు కోయుట, నెత్తురు తీయుట, విరిగిన యెముకలకు కట్టుకట్టుట వీరి పని. మన పల్లెలయందును పూర్వము క్షురకవృత్తివారే కురుపులు కోసి చికిత్స చేసెడివారు. కత్తి పట్టిన చేతికి గౌరవము తక్కువ. అయినను ఆపదవేళ జనులు ఆ చేతినే ఆశ్రయించుచుండిరి. పారే బాల్యముననే ఇట్టి క్షురకవైద్యుని కడ శిష్యుడై చేరెను.

తరువాత అతడు పారిస్ నగరమునకు పోయి, ఓతెల్ ద్యూ అను పురాతనమైన ధర్మాసుపత్రిలో సుమారు మూడేండ్లు పనిచేసెను. అచ్చట దిక్కులేని రోగులు వందలకొలదిగా చేరెడివారు. గ్రంథములలో చెప్పబడని బాధలనెన్నింటినో పారే అక్కడ కన్నులార చూచెను. కట్టుకట్టుట, కోయుట, కుట్టుట అతని చేతికి అలవడెను. రోగి మంచముకడ నేర్చిన ఈ విద్యయే పిదప అతనికి పెట్టుబడి యయ్యెను.

1537వ సంవత్సర ప్రాంతమున పారే సైన్యముతోకూడ ఇటలీలోని ట్యూరిన్ ప్రాంతమునకు వెళ్లెను. అతనికి అదియే మొదటి యుద్ధము. తుపాకులు అప్పటికి క్రొత్తవి. తుపాకిమందు విషమనియు, గుండు తగిలిన గాయమున ఆ విషము చేరుననియు పెద్దలు గ్రంథములలో వ్రాసియుండిరి. ఆ విషమును చంపుటకై గాయములో సలసల కాగిన నూనెను పోయవలెనని వారి మతము. యుద్ధరంగమున నున్న శస్త్రవైద్యులందరును అట్లే చేయుచుండిరి. క్రొత్తవాడైన పారే వారిని చూచి తానును అట్లే చేసెను. నూనె పోయునప్పుడు సైనికులు పెట్టు ఆక్రందనము వినలేక అతని మనస్సు క్షోభించుచుండెడిది.

ఒకనాడు గాయపడినవారి సంఖ్య పెరిగెను. నూనె చాలలేదు. పారేకు దిక్కు తోచలేదు. గ్రుడ్డులోని పచ్చసొన, గులాబీ నూనె, టర్పెంటైను కలిపి లేపనము చేసి మిగిలినవారి గాయములకు పూసెను. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. నూనె పోయనందున వారందరును విషమెక్కి చనిపోయియుందురని భయపడి, తెల్లవారకమునుపే లేచి వారి యొద్దకు పరుగెత్తెను. అచ్చట అతడు చూచినది వేరు. లేపనము పూసినవారు నొప్పి తగ్గి, రాత్రి సుఖముగా నిద్రించియుండిరి. నూనె పోయబడినవారు జ్వరముతోను, వాపుతోను, నొప్పితోను విలవిలలాడుచుండిరి. మరల ఎన్నడును కాగిన నూనెతో గాయమును కాల్చనని పారే ఆ ఉదయమున నిశ్చయించుకొనెను.

ఆ రోజులలోనే మరియొక సంఘటన జరిగెను. సేనాధిపతి వంటశాలలో పనిచేయు కుర్రవాడొకడు కాగిన నూనెలో పడెను. మందు తెచ్చుటకై పారే ఔషధముల అంగడికి పోగా, అక్కడనున్న పల్లెటూరి ముసలమ్మ యొకతె పచ్చి ఉల్లిపాయలను ఉప్పుతో నూరి వేసినచో బొబ్బలు లేవవని చెప్పెను. చదువుకొన్న వైద్యులైనచో నవ్వి యుందురు. పారే నవ్వలేదు, వెంటనే నమ్మనూలేదు. కాలినచోట కొంతభాగమునకు ఉల్లి, మిగిలిన భాగమునకు వాడుకలోనున్న మందు వేసి చూచెను. ఉల్లి వేసినచోట బొబ్బలు కనబడలేదు. తరువాత మరియొక సైనికునిపై ఇట్లే పరీక్షించెను. నేటి వైద్యులు కాలినగాయమునకు ఉల్లి వేయుమని చెప్పరు, చల్లని మంచినీరు ధారగా పోయుమందురు. ఆ మందు గొప్పతనముకంటె, రెంటిని ప్రక్కప్రక్కన నుంచి పోల్చిచూచిన బుద్ధియే ఇందు గమనింపదగినది.

1545వ సంవత్సరమున పారే తుపాకి గాయముల చికిత్సను గూర్చి ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. దానిని అతడు లాటినులో వ్రాయలేదు. వ్రాయగోరినను వ్రాయలేడు. తన తల్లిభాషయైన ఫ్రెంచిలో వ్రాసెను. పండితులు దీనిని హీనముగా చూచిరి. కాని లాటిను రాని వందలకొలది క్షురకవైద్యులు ఆ పుస్తకమును చదివి తెలిసికొనగలిగిరి. గాయపడిన సైనికుల మంచములకడ నిలుచువారు వారే కదా! జ్ఞానము ఎవరికి అవసరమో వారి భాషలోనే అది యుండవలెనను సత్యమును పారే తన కార్యము వలననే చూపెను.

చెడిపోయిన కాలునో చేతినో తొలగింపవలసి వచ్చినప్పుడు నెత్తురు కాలువ కట్టెడిది. దానిని ఆపుటకు ఎర్రగా కాల్చిన ఇనుమును గాయమున కదుముట ఆనాటి ఆచారము. ఆ బాధకు తాళలేక మరణించినవారు అనేకులు. పారే తెగిన రక్తనాళములను ఒక్కొక్కదానిని పట్టుకొని దారముతో ముడివేయు పద్ధతిని అవలంబించెను. రక్తనాళమును దారముతో కట్టవచ్చునని ప్రాచీనులు వ్రాయకపోలేదు. కాని అవయవమును తొలగించునప్పుడు దానిని ధైర్యముతో ఆచరించి వ్యాప్తికి తెచ్చినవాడు పారే. 1552వ సంవత్సరమున యుద్ధరంగమున ఒక వీరుని కాలు తొలగించునప్పుడు అతడు ఇనుమును కాల్పింపలేదు. కాలు పోయినను ఆ వీరుడు బ్రదికెను. నేటికిని శస్త్రవైద్యులు పెద్ద రక్తనాళములను ముడివేయుచునే యున్నారు.

అదే సంవత్సరమున ఐదవ చార్లెస్ చక్రవర్తి గొప్పసేనతో మెట్జ్ పట్టణమును ముట్టడించెను. కోటలోని ఫ్రెంచి సైనికులు గాయపడి, చికిత్స ఫలింపక మరణించుచుండిరి. పారేను పంపుమని వారు రాజును వేడుకొనిరి. శత్రువుల నడుమనుండి రాత్రివేళ రహస్యముగా పారే కోటలో ప్రవేశించెను. మరునాడు సేనాపతి అతనిని చేయిపట్టుకొని కోటగోడపైకి తీసికొనిపోయి సైనికులకు చూపెను. ఇక గాయపడినను చావమని వారు సంతోషముతో కేకలు వేసిరి. కత్తి పట్టి యుద్ధము చేయని యొక మనుష్యుని రాకతో సేనకు అంతటి ధైర్యము కలుగుట అరుదు. పిదప ఆ ముట్టడి విఫలమై చక్రవర్తి మరలిపోయెను. 1554వ సంవత్సరమున పారిస్‌లోని శస్త్రవైద్యుల సంఘము, లాటిను రాకున్నను, పారేను తమలో చేర్చుకొనెను.

యుద్ధములలో పారే చూచిన గాయములన్నియు తెగి నెత్తురోడునవి కావు. గద దెబ్బ తగిలియో, గుఱ్ఱముపైనుండి పడియో చర్మము చెదరకుండ లోపల నలిగినవియు పెక్కులు. పిల్లలు ఆటలాడునప్పుడు గడప తగిలినచో నుదుట బొప్పి కట్టును. మోకాలు కమిలి నల్లబడును. పల్లెలలో దీనినే కదుము కట్టినదందురు. చర్మముక్రింది సన్నని రక్తనాళములు చిట్లగా, వాటినుండి వెలువడిన నెత్తురు బయటికి పోవు దారిలేక కండ నడుమ నిలిచి గడ్డకట్టుటయే దీనికి కారణము. ఇట్లు నాళములనుండి తప్పించుకొని ఒకచోట పేరుకొన్న నెత్తురునే వైద్యశాస్త్రమున హెమటోమా అందురు. గ్రీకు భాషలో హైమా యనగా నెత్తురు. తొలుత ఎరుపుగానో నీలముగానో నుండు ఆ మచ్చ దినములు గడచినకొలది ఆకుపచ్చనై, పసుపుపచ్చనై మాయమగును. శరీరమే ఆ నెత్తురును కొంచెము కొంచెముగా కరిగించి పీల్చుకొనును. చేతికో కాలికో కట్టిన చిన్న కదుము వలన భయము లేదు. అదే నెత్తురు పుర్రెలోపల పేరుకొన్నచో ఏమగునో 1559వ సంవత్సరమున పారేకు తెలియవచ్చెను.

ఆ యేట ఫ్రాన్సు, స్పెయిను దేశములకు చిరకాలముగా జరుగుచున్న యుద్ధము ముగిసి సంధి కుదిరెను. ఫ్రాన్సు రాజైన రెండవ హెన్రీ తన కుమార్తెను స్పెయిను రాజైన రెండవ ఫిలిప్‌నకు ఇచ్చి వివాహము చేసెను. ఆ శుభసమయమున పారిస్ వీథిలో అశ్వారూఢులకు బల్లెముల పందెము లేర్పాటు చేయబడెను. నలువది యేండ్ల వయస్సున దృఢకాయుడైయున్న రాజునకు ఈ క్రీడపై మిక్కిలి మక్కువ. జూన్ 30వ తేదీన ఆయన స్వయముగా బరిలోనికి దిగి పెక్కుసార్లు గెలిచెను. ఇక చాలింపుమని కాథరిన్ రాణి వారించినదని చెప్పుదురు. రాజు వినలేదు. మాంట్‌గోమరీ అను యువవీరునితో మరియొక్కసారి తలపడెను. ఇరువురి బల్లెములును విరిగెను. మాంట్‌గోమరీ చేతనున్న విరిగిన కర్ర రాజు శిరస్త్రాణమునకు తగిలి, ముఖమును కప్పు రేకు పైకి లేచెను. కర్రపేళ్లు కుడికంటి కడ గ్రుచ్చుకొనెను. రాజు గుఱ్ఱముపై వ్రాలిపోయెను.

రాజును మందిరమునకు చేర్చిరి. వైద్యులు కర్రపేళ్లను తీసివేసిరి. పారేను పిలిపించిరి. స్పెయిను రాజు తన కొలువునందున్న వెసేలియస్‌ను బ్రస్సెల్స్ నుండి త్వరితముగా పంపెను. మానవ శరీరనిర్మాణమును గూర్చి 1543వ సంవత్సరమున మహాగ్రంథము ప్రకటించిన పండితుడు వెసేలియస్. ఒకడు లాటిను పండితుడు, ఒకడు లాటిను రాని క్షురకశిష్యుడు. ఆ యిరువురును ఒకే మంచము ప్రక్కన నిలిచిరి. గాయము స్వరూపము తెలిసికొనుటకై మరణదండన పొందిన నలుగురు నేరస్థుల తలలను తెప్పించి, వానిపై కర్రతో కొట్టి పరిశీలించిరని కూడ చెప్పుదురు. అంతకంటె వారు చేయగలిగినది లేదు. బ్రదికియున్న మనుష్యుని పుర్రెలో ఎచ్చట ఏమి జరుగుచున్నదో చూచు సాధనమేదియు ఆ కాలమున లేదు. రాజునకు జ్వరము హెచ్చెను, స్పృహ తగ్గెను. జూలై 10వ తేదీన ఆయన మరణించెను.

మరణానంతరము వైద్యులు రాజు తలను పరీక్షించిరి. పుర్రె ఎచ్చటను పగులలేదు. కాని దెబ్బ తగిలిన స్థలమునకు ఎదుటి దిక్కున, తల వెనుకభాగమున, మెదడును కప్పు పొరల నడుమ నెత్తురు పేరుకొని యుండెను. దానిక్రింది మెదడు రంగు మారి చెడియుండెను. దెబ్బ ఒకచోట, హాని మరియొకచోట! పారే ఆ చూచినదానిని చూచినట్లు వ్రాసియుంచెను. గాయమున చీముచేరి మెదడునకు పాకుట కూడ రాజు మరణమునకు కారణమైయుండునని నేటి వైద్యులు కొందరు తలంచుచున్నారు. ఏది యెట్లున్నను, ఎముక విరుగకుండనే తలదెబ్బ ప్రాణము తీయగలదనుట ఆ మంచము సాక్షిగా తేలిపోయెను.

ఇది యెట్లు జరుగును? పెరుగుకుండను గట్టిగా కుదిపినచో కుండ పగులదు, లోని తోడు మాత్రము విరిగిపోవును. పుర్రె కుండవంటిది, మెదడు పెరుగువంటిది. మెదడు పలుచని ద్రవమున తేలుచుండును. వేగముగా పోవు తల హఠాత్తుగా ఆగినప్పుడు లోని మెదడు ముందునకును వెనుకకును ఊగి గోడలకు తగులును. అప్పుడు మెదడునుండి పై పొరకు పోవు సన్నని సిరలు తెగవచ్చును. ఒక్కొక్కప్పుడు కణత యెముక చిట్లి, దాని నంటియున్న ధమని తెగవచ్చును. చేయి కమిలినప్పుడు చర్మము సాగి వాపునకు చోటిచ్చును. పుర్రె సాగదు. లోపల చేరిన ప్రతి చెంచాడు నెత్తురును మెదడును నొక్కును. ఊపిరిని, గుండెను నడపు భాగము నలిగినచో ప్రాణము నిలువదు. ధమని తెగినచో ఇది గంటలలో జరుగును. సిర తెగినచో ఆలస్యమగును. ముసలివారికి చిన్నదెబ్బ తగిలిన కొన్ని వారములకు గాని లక్షణములు పైకి కనబడకపోవచ్చును.

రాజు మరణమును పారే మరచిపోలేదు. రెండేండ్లలో, అనగా 1561వ సంవత్సరమున, తలగాయములను గూర్చియు, పుర్రె పగుళ్లను గూర్చియు ఒక గ్రంథమును ప్రకటించెను. చికిత్స ఫలించిన కథలనే చెప్పుకొనుట వైద్యులకు సహజము. పారే తన రాజును రక్షింపలేకపోయిన కథను కూడ అందు చేర్చెను. తన ఓటమి వలన తరువాతివారు నేర్చుకొందురని అతని ఆశ. ఆ సంవత్సరమే అతనికి వేరొక పరీక్ష కూడ వచ్చెను. గుఱ్ఱము తన్నగా అతని కాలి రెండెముకలును విరిగి చర్మమును చీల్చుకొని బయటికి వచ్చెను. ఆనాడు ఇట్టి గాయమునకు కాలు తీసివేయుట తప్ప గతిలేదు. పారే బాధను దిగమ్రింగి, తన కాలిని ఎట్లు సరిచేయవలెనో తోడివారికి తానే చెప్పెను. కొన్ని నెలలు మంచమున నుండి తుదకు కుంటుతనము లేకుండ లేచి నడచెను.

హెన్రీ మరణమున అతని పదునైదేండ్ల కుమారుడు రాజయ్యెను. అతడును త్వరలోనే గతించెను. దేశమున మతకలహములు చెలరేగెను. సింహాసనముపై రాజులు మారుచుండిరి గాని, వారి ప్రక్కన పారే మాత్రము మారలేదు. రాజులనే కాక సామాన్య సైనికులను కూడ అతడు ఒకే శ్రద్ధతో చూచెను. చేతులు, కాళ్లు పోయినవారి కొరకు ఇనుపపని వారిచేత వ్రేళ్లు ముడుచుకొను కృత్రిమహస్తములను చేయించెను. పోయిన కాలు ఇంకను నొప్పిపెట్టుచున్నదని రోగులు చెప్పు వింతను వ్రాసియుంచెను. 1575వ సంవత్సరమున తన గ్రంథములన్నిటిని ఒక్కటిగా ముద్రింపించెను. క్షురకవృత్తినుండి వచ్చినవాడు వైద్యమును గూర్చి ఫ్రెంచిలో వ్రాయుట తగదని విశ్వవిద్యాలయ వైద్యులు అడ్డగింప జూచిరి. వారి యత్నము ఫలింపలేదు.

పారే చేసినదంతయు సరియైనదని చెప్పరాదు. ఆ కాలమునందలి యితరులవలెనే అతడును రోగుల శరీరమునుండి నెత్తురు తీయించెడివాడు. వింతజంతువులను గూర్చిన కట్టుకథలను కొన్నింటిని నమ్మి వ్రాసెను. అయినను తన కన్నులకు కనబడినది గ్రంథమునకు విరుద్ధమైనచో కన్నులనే నమ్మెను. తాను తప్పుచేసితినని తెలిసినప్పుడు ఒప్పుకొనెను. గాయము మానినప్పుడు ఆ ఘనతను దైవమునకే విడిచెను.

1590వ సంవత్సరము డిసెంబరు 20వ తేదీన ఆంబ్రువాజ్ పారే పారిస్ నగరమున మరణించెను. అప్పటికి ఆయన వయస్సు ఎనుబదియేండ్ల ప్రాంతము. ఆ మరుసటి సంవత్సరమే, 1591లో, మూసీనది యొడ్డున మహమ్మదు కులీ కుతుబ్‌షా చార్మినారును నిర్మించి హైదరాబాదు నగరమునకు పునాది వేసెను. నాటి నగరము పెరిగి పెరిగి నేడు గచ్చిబౌలి దాటి పోయినది. గుఱ్ఱములు, పల్లకీలు పోయి మోటారు సైకిళ్లు వచ్చినవి. మనుష్యుని పుర్రెయు, మెదడును మాత్రము పారే చూచినవే.

పారే నాడు చూడలేని లోతును చూచుటకు లోకము మరి నాలుగు శతాబ్దములు వేచియుండవలసి వచ్చెను. 1895లో రాంట్‌జన్ కనిపెట్టిన ఎక్స్ కిరణములు ఎముకల పగుళ్లను చూపెను గాని, లోని నెత్తురును స్పష్టముగా చూపలేదు. 1971లో ఇంగ్లండు దేశమున హౌన్స్‌ఫీల్డు అను ఇంజనీరు నిర్మించిన సి.టి. యంత్రము మొదటిసారి రోగి మెదడును పొరలు పొరలుగా చిత్రించెను. దీనికై ఆయనకు 1979లో నోబెల్ బహుమానము లభించెను. ఈ యంత్రము వలన పుర్రెలోని హెమటోమా ఎచ్చట నున్నదో, ఎంత యున్నదో కొన్ని నిమిషములలో తెలియుచున్నది. చిన్నదైనచో వైద్యులు కనిపెట్టి యుందురు. పెద్దదైనచో పుర్రెకు రంధ్రము చేసియో, కొంత యెముకను తెరచియో ఆ నెత్తురును తీసివేయుదురు. మెదడుపై ఒత్తిడి తొలగి రోగి బ్రదుకును. సకాలమున చేర్చుటయొకటే మన చేతిలోని పని.

ఇచ్చటనే పలువురు పొరపడుచుందురు. తలకు దెబ్బ తగిలి ఒక్క క్షణము స్పృహ తప్పినవాడు లేచి కూర్చుండును. ఏమియు కాలేదనును, నవ్వును, ఇంటికి పోవుదుననును. పైకి నెత్తురు చుక్కయైనను కనబడదు. లోపల ధమని స్రవించుచునే యుండవచ్చును. కొంతసేపటికి తలనొప్పి పెరుగును, మరల మరల వాంతి యగును, మాట తడబడును, ఒకచేయియో కాలో పట్టుతప్పును, ఎంత లేపినను తీరని నిద్రమత్తు వచ్చును. అలసటచే నిద్రించుచున్నాడని విడిచిపెట్టుట ప్రాణాపాయము. ఇందులో ఏ యొక్క లక్షణము కనబడినను తడయక ఆసుపత్రికి చేర్పవలెను. 2005వ సంవత్సరమున హైదరాబాదునుండి ఆరంభమైన 108 అంబులెన్సు ఇట్టివారి కొరకే పరుగులెత్తుచున్నది.

అశ్వములపై బల్లెములతో తలపడిన రాజునకు శిరస్త్రాణముండెను గాని, దాని ముఖపు రేకు నిలువలేదు. నేటి శిరస్త్రాణము లోపల మెత్తని దళసరి పొర యొకటి యుండును. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, ఆ విసురును తాను గ్రహించి, లోని మెదడు విసురుగా ఊగకుండ తగ్గించును. గడ్డముక్రింది పట్టీ బిగింపనిచో ఆ మేలు దక్కదు. హైటెక్ సిటీ బాటపై ఉదయము పోవు యువకుడు ఆ పట్టీని బిగించునప్పుడు ఆంబ్రువాజ్ పారే పేరు అతనికి తెలియకపోవచ్చును. కాని పుర్రె పగులకున్నను ప్రాణము పోవచ్చునని రాజుశయ్య కడ చూచి, దాచక వ్రాసియుంచిన ఆ శస్త్రవైద్యుని హెచ్చరికయే ఆ పట్టీలో నిలిచియున్నది.